ఎదిగే పిల్లల బరువు: కరిగించడం కన్నా నిలిపి ఉంచడమే మేలు

పిల్లల బరువు గురించి మొదట గుర్తుపెట్టుకోవాల్సింది, వాళ్లు ఇంకా ఎత్తు పెరుగుతున్నారని. పెద్దవాళ్లకు లేని ఈ వెసులుబాటే మనకు సగం పని చేసిపెడుతుంది.

పదేళ్ల అబ్బాయి 140 సెంటీమీటర్ల ఎత్తు, 45 కిలోల బరువు ఉన్నాడనుకుందాం. బరువును మీటర్లలో ఎత్తుతో ఒకసారి, వచ్చినదాన్ని మళ్లీ ఎత్తుతో భాగిస్తే బీఎంఐ వస్తుంది. 45ని 1.4తో రెండుసార్లు భాగిస్తే దాదాపు 23. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన పట్టిక ప్రకారం పదేళ్ల మగపిల్లలకు 18.5 దాటితే అధిక బరువు, 21.4 దాటితే ఊబకాయం. కాబట్టి వాడు ఊబకాయంలో ఉన్నట్టే. ఇక్కణ్నుంచి వాడి బరువు తగ్గకపోయినా పర్వాలేదు, 45 దగ్గరే ఆగిందనుకోండి. ఏడాదికి 5 సెం.మీ. చొప్పున ఎదిగితే పదకొండో ఏట బీఎంఐ 21.4. ఆ వయసుకు ఊబకాయం గీత 22.5, అంటే వాడు గీత కిందికి దిగాడు. పన్నెండో ఏటికి ఎత్తు 150 సెం.మీ., బీఎంఐ 20. అప్పటి అధిక బరువు గీత 19.9. ఒక్క పూట కడుపు మాడ్చకుండా, ఒక్క కిలో కరిగించకుండా రెండేళ్లలో మామూలు హద్దు అంచుకు వచ్చేశాడు.

అందుకే ఎదిగే పిల్లలకు డైటింగ్ అక్కర్లేదు. ఇంట్లో తిండి, ఆట, నిద్ర సర్దుకుంటే చాలు. ఆ సర్దుబాటు ఎలాగో చూద్దాం.

ముందు సరిగ్గా కొలవండి

బరువు కంటే ఎత్తు కొలవడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. పైన చెప్పిన అబ్బాయి ఎత్తును ఒక్క సెంటీమీటరు తక్కువగా రాసుకుంటే బీఎంఐ 0.3 పెరిగిపోతుంది. చెప్పులు, సాక్సులు తీయించండి. జుట్టు ముడి ఉంటే విప్పించండి. మడమలు, పిరుదులు, వీపు గోడకు ఆనాలి, చూపు తిన్నగా ఎదురుగా ఉండాలి. గట్టి అట్ట పుస్తకాన్ని నెత్తి మీద పెట్టి, దాని అంచు గోడకు పూర్తిగా ఆనేలా నొక్కి, కింద గీత గీయండి. నేల నుంచి గీత దాకా టేపుతో కొలవండి. రెండుసార్లు కొలిచి సగటు తీసుకోండి. బరువు ఎప్పుడూ ఒకే మెషీన్ మీద, గట్టి నేల మీద పెట్టి, పల్చటి బట్టలతో చూడండి. తివాచీ మీద పెట్టిన మెషీన్ చెప్పే అంకెను నమ్మడానికి లేదు.

పెద్దవాళ్లకు వాడే 25 (అధిక బరువు), 30 (ఊబకాయం) బీఎంఐ హద్దులు పిల్లలకు పనికిరావు. వయసు, ఆడామగా తేడాను బట్టి గీతలు మారతాయి. డాక్టర్లు వాడే చార్టుల్లో 85వ పర్సెంటైల్ (అంటే అదే వయసు పిల్లలు వందమందిలో 85 మంది కంటే ఎక్కువ బీఎంఐ) నుంచి 95 లోపు అధిక బరువు, 95, ఆపైన ఊబకాయం. ఆరేళ్లు దాటినవాళ్లకు ఇంకో సులువైన కొలత ఉంది: నడుము చుట్టుకొలత ఎత్తులో సగానికి మించకూడదు.

కొలతలు నెలకోసారి తీస్తే చాలు. రోజూ తూచడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఒక గ్లాసు నీళ్లు తాగినా మారే అంకెను చూసి పిల్లలు కుంగిపోతారు. అంకె పెద్దవాళ్ల నోట్‌బుక్‌లో ఉండాలి, భోజనాల దగ్గర మాటల్లోకి రాకూడదు.

డాక్టర్‌కి చూపించాల్సినవి

ఎక్కువ తినడం వల్ల లావైన పిల్లలు సాధారణంగా తోటివాళ్ల కంటే కాస్త పొడుగ్గానే ఉంటారు. లావవుతూ ఎత్తు పెరగడం మందగించిందంటే థైరాయిడ్, కార్టిసాల్ లాంటి హార్మోన్ల తేడా ఉందేమో పరీక్ష చేయించాలి. ఐదేళ్లలోపే విపరీతంగా లావై, ఎంత పెట్టినా ఆకలి తీరని పిల్లల్లో జన్యు కారణాలు వెతుకుతారు. స్టెరాయిడ్లు, ఫిట్స్‌కు ఇచ్చే వాల్ప్రోయేట్, కొన్ని మానసిక వైద్య మందులు కూడా బరువు పెంచుతాయి. అలాంటివి వాడుతుంటే డాక్టర్‌కి చెప్పండి, సొంతంగా మాత్రం ఆపకండి.

మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, వెల్వెట్ గుడ్డలా అయిందా చూడండి. చాలా ఇళ్లలో అది మట్టి అనుకుని సబ్బుతో, పీచుతో రుద్దుతారు, పిల్లలు ఏడుస్తారు. రుద్దితే పోయేది కాదు. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదని శరీరం ఇచ్చే సూచన అది. గట్టి గురక, నిద్రలో ఊపిరి ఆగి మళ్లీ తీసుకోవడం, పగలంతా మగతగా ఉండటం, అతిగా దాహం, మాటిమాటికీ మూత్రం, అమ్మాయిల్లో నెలసరి తప్పడం, చూపు మసకబారుతూ తలనొప్పి రావడం, ఇవన్నీ వెంటనే చూపించాల్సినవే. తుంటి, తొడ లేదా మోకాలు నొప్పితో కుంటుతుంటే ఆ రోజే తీసుకెళ్లండి, నడిపించకండి. బరువున్న పిల్లల్లో తుంటి దగ్గర తొడ ఎముక తల జారే ప్రమాదం ఉంది. నొప్పి మోకాలిలోనే తెలియడం వల్ల దాన్ని ఆటల్లో తగిలిన దెబ్బ అనుకుని వదిలేస్తారు.

ఊబకాయం ఉన్న పిల్లలకు పదేళ్లు నిండాక రక్తంలో చక్కెర, కొలెస్ట్రాల్, కాలేయం పరీక్షలు చేస్తారు. బీపీ అంతకన్నా చాలా ముందు, మూడేళ్ల నుంచే చూడాలి.

ఎంత తగ్గడం క్షేమం

రెండేళ్లలోపు పిల్లల తిండికి కోత పెట్టకండి. రెండు నుంచి పదకొండేళ్ల దాకా చాలామందికి బరువు నిలకడగా ఉండటమే లక్ష్యం. బరువు మరీ ఎక్కువైతే నెలకు అర కిలో వరకు తగ్గొచ్చు, అదీ డాక్టర్ చెబితే. టీనేజర్లలో ఊబకాయం ఉన్నవాళ్లు నెమ్మదిగా తగ్గొచ్చు కానీ వారానికి 900 గ్రాములు దాటకూడదు. అది గరిష్ఠ హద్దే తప్ప అందుకోవాల్సిన లక్ష్యం కాదు, నెలకు కిలో, రెండు కిలోలు తగ్గితే బాగా తగ్గినట్టే.

ఇక్కడో మెలిక ఉంది. ఈడొచ్చే వయసులో ఒక్కసారిగా ఎత్తు పెరుగుతారు, దాంతోపాటు కొంత బరువు పెరగడం సహజం. ఏడాదిలో 8 సెం.మీ. ఎదిగిన అబ్బాయి 2 కిలోలు పెరిగితే అతని బీఎంఐ తగ్గే ఉంటుంది. అంకె పెరిగిందని తిట్టబోయేముందు ఎత్తు కొలవండి. అమ్మాయిలు రజస్వల అయ్యాక సాధారణంగా ఇంకో కొద్ది సెంటీమీటర్లే ఎదుగుతారు, కాబట్టి ఎత్తు మీద భరోసా పెట్టుకునే వీలు వాళ్లకు ముందే తగ్గిపోతుంది.

వేగంగా తగ్గిస్తే కొవ్వుతోపాటు కండ పోతుంది, పిత్తాశయంలో రాళ్లు రావచ్చు, నెలసరి ఆగొచ్చు, ఎదుగుదల కుంటుపడొచ్చు.

మొదటి మార్పు గ్లాసులో

ఒకేసారి పది మార్పులు చేస్తే ఏదీ నిలవదు. ఒక్కటే చేయాలంటే తీపి పానీయాలతో మొదలుపెట్టండి. 330 మి.లీ. కోలా క్యాన్‌లో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది, ఎనిమిది తొమ్మిది చెంచాలన్నమాట. రెండు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు పైనుంచి కలిపే చక్కెర రోజంతటికీ కలిపి 25 గ్రాములు మించకూడదన్నది అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పెట్టిన హద్దు. ఒక్క క్యాన్‌తోనే అది దాటిపోయింది. పైగా ద్రవంగా లోపలికి వెళ్లిన చక్కెర ఆకలి తీర్చదు, తాగిన పిల్లాడు భోజనం ఏమాత్రం తక్కువ తినడు.

పండ్ల రసం మంచిదే కదా అంటారు. రసం తీస్తే పీచు పోయి చక్కెర మిగులుతుంది. ఏడాదిలోపు అసలే వద్దు. నాలుగు నుంచి ఆరేళ్ల వాళ్లకు రోజుకు 180 మి.లీ., ఏడేళ్ల పైన 240 మి.లీ. దాటకూడదు. పండును పండులా తినిపిస్తే రసం సంగతే ఉండదు. రెండేళ్లు దాటాక వెన్న తీసిన పాలు చక్కెర లేకుండా ఇవ్వొచ్చు.

మాన్పించేటప్పుడు మెట్లు వేసుకోండి. మొదటి వారం సగం పానీయం, సగం నీళ్లు. రెండో వారం పావు వంతు పానీయం. మూడో వారం నీళ్లే, ఇష్టమైతే నిమ్మ చెక్క వేసి. అన్నిటికన్నా ముఖ్యం, అవి ఇంటికి కొనుక్కురాకపోవడం. ఫ్రిజ్‌లో పెట్టి తాగొద్దనడం పిల్లలకు పెట్టే శిక్ష. చక్కెర బదులు డైట్ పానీయాలు పెట్టడం కూడా దారి కాదు, బరువు అదుపు కోసం కృత్రిమ తీపి వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది.

మొదటి నాలుగైదు రోజులు గొడవ పెరుగుతుంది. ఏడ్చినా, అలిగినా, మాట మీద నిలబడితే తగ్గిపోతుంది. ఆరో రోజు లొంగిపోతే మాత్రం, గట్టిగా ఏడిస్తే దొరుకుతుందని నేర్పినట్టవుతుంది. ఈ పని మొదలుపెట్టేది ఇంట్లో పెద్దలందరూ ఒప్పుకున్నాకే.

పళ్లెం, వడ్డన

ఏం వండాలి, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దవాళ్ల పని. పెట్టినదాంట్లో ఎంత తినాలన్నది పిల్లల పని. ఈ రెండూ తారుమారైనప్పుడే చిక్కు. పిల్లలు అడిగిందల్లా అడిగిన వేళకు ఇవ్వడం, కడుపు నిండిందన్నా కొసరి కొసరి తినిపించడం, ఈ రెండూ ఆకలిని గుర్తుపట్టే శక్తిని దెబ్బతీస్తాయి. "పళ్లెం ఖాళీ చేస్తేనే లేవాలి" అనే నియమం ఇవాళే తీసేయండి.

సుమారు 22 సెం.మీ. పళ్లెం తీసుకోండి. సగం కూరగాయలు, పండ్లు. పావు భాగం పప్పులు, గుడ్డు, చేప, చికెన్‌లాంటి మాంసకృత్తులు. మిగిలిన పావు గింజధాన్యం, వీలైతే పొట్టు తీయనిది. గిన్నెలు బల్ల మీదికి తేకుండా వంటింట్లోనే వడ్డించుకు రండి, కూరగాయల గిన్నె ఒక్కటి మాత్రం ఎదురుగా ఉంచండి. మారు అడిగితే కాదనకండి, పది పదిహేను నిమిషాలు ఆగి చూద్దామనండి. కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. ఆగాక కూడా ఆకలుంటే అది నిజమైన ఆకలే, పెట్టండి.

మూడు పూటలా భోజనం, మధ్యలో ఒకటి రెండు చిరుతిళ్లు, అన్నీ ఇంచుమించు ఒకే వేళకు. మధ్యలో నీళ్లే. పొద్దున ఏమీ తినకుండా బడికి వెళ్లిన టీనేజర్ సాయంత్రం ఇంటికొచ్చి ప్యాకెట్లు ఖాళీ చేస్తుంటే తప్పు సాయంత్రానిది కాదు, పొద్దుటి పస్తుది. టీవీ, ఫోన్ చూస్తూ తింటే ఎంత తిన్నదీ తెలియదు, కాబట్టి భోజనం దగ్గర పెద్దవాళ్ల ఫోన్లు కూడా పక్కన పెట్టాలి.

కొత్త కూరగాయ ఒకసారి వద్దన్నారంటే ఇష్టం లేదని కాదు. పది పదిహేనుసార్లు కనిపించాక గాని నోటికి అలవాటు పడదు. ఒక్క ముక్క వేయండి, తినమని బతిమాలకండి, తినలేదని నస పెట్టకండి, మీరు తింటూ కూర్చోండి. "ఇది తింటే చాక్లెట్ ఇస్తా" అన్నారంటే కూరగాయ చేదు మందనీ, చాక్లెట్ బహుమతనీ మీరే నేర్పినట్టు.

ఇష్టమైనవి పూర్తిగా నిషేధించకండి. అమెరికా పరిశోధకుడు లియొనార్డ్ ఎప్‌స్టీన్ బృందం వాడిన ట్రాఫిక్ లైటు పద్ధతి ఇక్కడ బాగా పనిచేస్తుంది. కూరగాయలు, చాలా పండ్లు ఆకుపచ్చ, ఎప్పుడైనా తినొచ్చు. పప్పులు, ధాన్యాలు, పాలు, గుడ్లు పసుపు, కొలతగా తినాలి. వేపుళ్లు, మిఠాయిలు, చిప్స్, తీపి పానీయాలు ఎరుపు. మొదటి వారం ఏమీ మార్చకుండా ఎరుపు ఎన్నిసార్లు తిన్నారో రాయండి. ఇరవై సార్లు వచ్చిందనుకోండి, రెండో వారం లక్ష్యం పద్దెనిమిది. అలా రెండేసి తగ్గించుకుంటూ వస్తే పిల్లలు ఏది వదులుకోవాలో తామే ఎంచుకుంటారు. ఆ బృందం 1990లో ప్రచురించిన పదేళ్ల ఫలితాల్లో, తల్లిదండ్రులు, పిల్లలు కలిసి మారిన కుటుంబాల్లోని పిల్లలే మెరుగ్గా ఉన్నారు. లావుగా ఉన్న బిడ్డకు ఒక వంట, సన్నగా ఉన్న బిడ్డకు ఒక వంట పెట్టే ఇంట్లో ఈ పని సాగదు.

ఆట

ఐదు నుంచి పదిహేడేళ్ల వాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక కావాలి. వారంలో కనీసం మూడు రోజులు ఆయాసం వచ్చేంత గట్టి ఆట, ఎముకలకు, కండరాలకు పని చెప్పేవి ఉండాలి. కదలడం అలవాటు లేని బిడ్డను మొదటిరోజే గంట పరిగెత్తిస్తే మర్నాడు ఒళ్లు నొప్పులతో లేవదు, ఇక ఆ మాటే ఎత్తనివ్వదు. రోజుకు పది పదిహేను నిమిషాలతో మొదలుపెట్టి వారానికి ఐదేసి నిమిషాలు పెంచండి. మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేనంత ఆయాసం వస్తే వేగం సరిపోయినట్టు.

మోకాళ్ల మీద భారం పడుతుంది కాబట్టి మొదట్లో ఈత, సైకిలు, చదునైన నేల మీద నడక నయం. తొడలు ఒరుసుకుని పుండ్లు పడితే సిగ్గుపడి చెప్పరు, ఆట మానేస్తారు. ఒంటికి పట్టి ఉండే పొడుగు నిక్కరు ఆ సమస్య తీరుస్తుంది. ఇంకో సంగతి: పరుగులో వెనకబడే ఈ పిల్లలు బలం అవసరమైన ఆటల్లో తరచూ తోటివాళ్లను మించిపోతారు. తాడు లాగే ఆట, బంతి విసరడం, బరువులతో వ్యాయామం (నేర్పేవాళ్ల సమక్షంలో) లాంటివాటితో మొదలుపెడితే "నాకూ వచ్చు" అన్న ధీమా వస్తుంది. తిన్నదానికి శిక్షగా మాత్రం ఎప్పుడూ పరిగెత్తించకండి.

నిద్ర

నిద్ర తక్కువైతే మర్నాడు ఆకలి పెరుగుతుంది, అదీ తీపి, వేపుళ్ల మీదికే మనసు పోతుంది. మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు పగటి నిద్రతో కలిపి 10–13 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్లకు 9–12, టీనేజర్లకు 8–10 గంటలు కావాలి. రాత్రి ఫోన్లన్నీ పడగ్గది బయట ఛార్జింగ్‌కు పెట్టండి, మీవి కూడా.

మాట

"ఇప్పటికే ఇంత ఉన్నావు, ఇంకా తింటావా?" ఈ ఒక్క మాట ఇన్నాళ్ల శ్రమనూ చెడగొడుతుంది. ఇంట్లో బరువు గురించి ఎగతాళి విన్న పిల్లలు తగ్గరు, చాటుగా తింటారు. మంచం కింద, బ్యాగు అడుగున చాక్లెట్ కాగితాలు కనబడ్డాయంటే మందలించడం కాదు, ఇంట్లో నిషేధాలు ఎక్కువయ్యాయేమో చూసుకోవాలి. ఇష్టమైనది వారంలో ఫలానా రోజు అందరం కలిసి తింటామని తెలిస్తే దాచుకోవాల్సిన పని ఉండదు. చుట్టాల ముందు, తోబుట్టువుల ముందు బరువు మాట తేకండి. బడిలో ఏడిపిస్తున్నారా అని అడిగి తెలుసుకోండి, ఏడిపిస్తుంటే టీచర్‌తో మాట్లాడండి.

టీనేజర్‌కు చెప్పి చేయించడం కుదరదు, అడిగి చేయించాలి. మీరిద్దరే ఉన్నప్పుడు, ఇద్దరి మనసూ నెమ్మదిగా ఉన్నప్పుడు ఇలా మొదలుపెట్టొచ్చు:

"రోజూ కాసేపు నడవాలని నీకు ఎంత అనిపిస్తోంది రా? సున్నా నుంచి పది లోపు చెప్పు."

"నాలుగు."

"రెండు కాకుండా నాలుగు ఎందుకన్నావు?"

ఈ రెండో ప్రశ్నే కీలకం. "పది ఎందుకు కాదు?" అంటే వాడు సాకులు వెతుక్కుంటాడు. "రెండు ఎందుకు కాదు?" అంటే మారడానికి తన కారణాలు తనే చెబుతాడు: మెట్లెక్కితే ఆయాసం వస్తోందనో, జట్టులో చోటు కావాలనో. ఆ కారణాన్నే పట్టుకుని ఒక్క చిన్న పని వాణ్నే ఎంచుకోనివ్వండి.

ప్రమాద సంకేతాలు

బరువు ఎక్కువున్న టీనేజర్ గబగబా తగ్గుతుంటే అందరూ మెచ్చుకుంటారు. అక్కడే మోసం జరుగుతుంది. భోజనాలు ఎగ్గొట్టడం, తిన్న వెంటనే బాత్రూంకి వెళ్లడం, విరేచనాల మాత్రలు, కళ్లు తిరగడం, చలి ఎక్కువగా వేయడం, నెలసరి ఆగడం, పొద్దస్తమానం కేలరీల లెక్క, ఇవి తిండికి సంబంధించిన మానసిక జబ్బుల (ఈటింగ్ డిజార్డర్స్) లక్షణాలు. లావవుతామన్న భయంతో తిండి మానేసే జబ్బు, అనోరెక్సియా, చూడటానికి సన్నగా లేకపోయినా అంతే ప్రమాదకరంగా ఉండొచ్చు. ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి.

బరువు తగ్గించే పొడులు, కొవ్వు కరిగించే మాత్రలు, వారాల తరబడి ద్రవాహారం పిల్లల దగ్గరికి రానివ్వకండి. ఊబకాయం ఉన్న పన్నెండేళ్లు దాటినవాళ్లకు డాక్టర్లు కొన్ని మందులు వాడతారు; అమెరికాలో 12 ఏళ్లు పైబడినవాళ్లకు ఆకలి తగ్గించే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌కు 2022 డిసెంబరులో అనుమతి వచ్చింది. బాగా తీవ్రమైతే పదమూడేళ్లు దాటాక సర్జరీ గురించి కూడా ఆలోచిస్తారు. ఇవన్నీ పైన చెప్పిన మార్పులతో కలిపి, పిల్లల డాక్టర్ల బృందం చూసుకుంటుండగా చేసేవే.

ఆగిపోయినప్పుడు

రెండు మూడు నెలలు బాగా నడిచాక బీఎంఐ కదలడం మానేస్తుంది, లేదా సెలవుల తర్వాత మళ్లీ పెరుగుతుంది. ఇది దాదాపు ప్రతి ఇంట్లో జరిగేదే. కొత్త కట్టుబాట్లు పెట్టకండి. మూడు రోజులు అందరూ తాగినవన్నీ రాసుకోండి, నిద్ర గంటలు రాసుకోండి. పట్టు ఎక్కడ సడలిందో చాలాసార్లు అందులోనే తెలిసిపోతుంది: తీపి పానీయం మళ్లీ ఇంట్లోకి వచ్చి ఉంటుంది, పడుకునే వేళ గంట వెనక్కి పోయి ఉంటుంది. అదొక్కటి సరిచేసి నాలుగు వారాలు ఆగి, ఎత్తూ బరువూ రెండూ కొలవండి. మూడు నెలలైనా బీఎంఐ పైకే పోతుంటే ఆ నోట్‌బుక్ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2023లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి కుటుంబాలకు 3 నుంచి 12 నెలల్లో కనీసం 26 గంటలు ఎదురుగా కూర్చుని ఇచ్చే శిక్షణ అవసరం. ఒక్కసారి చూసి, ఒక చీటీ రాసి పంపిస్తే తీరిపోయే పని కాదు కాబట్టి, వరసగా రమ్మని పిలిచి చూసే డాక్టర్‌ను, డైటీషియన్‌ను వెతుక్కోండి.